లడ్డూ పాటలో ఆగని ఏడులు

గణేశ్ నిమజ్జనం రోజు పొద్దున హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ చాయ్ హోటల్‌కు వెళ్లినా టీవీలో ఒకటే దృశ్యం. బాలాపూర్ బొడ్రాయి, చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం, మైకులో "ఒకటోసారి... రెండోసారి...". 2025 సెప్టెంబరు 6న అక్కడి గణేశుడి లడ్డూ వేలంపాట 35,00,000 రూపాయల దగ్గర ఆగింది. హోటల్లో అందరూ ఒక్కసారి హమ్మయ్య అన్నారు, తామే కొన్నట్టు.

ఇంటర్ చదివే మా పక్కింటి అబ్బాయి అప్పటికే ఫోన్ తీశాడు. 1994లో మొదటి పాట 450 రూపాయలు. మరి ఇప్పటిది దానికి ఎన్ని రెట్లు? 35,00,000ను 450తో భాగించాడు. తెర మీద 7777.7777 అని పడింది. ఫోన్ అడ్డం తిప్పితే మరిన్ని ఏడులు.

"ఇదేంది సార్, ఏడులు ఆగుతలేవు. ఫోన్ ఖరాబైందా?"

ఖరాబు కాలేదు. తెర చివర ఎక్కడో ఒక ఎనిమిది కనిపిస్తే మాత్రం అది ఫోన్ తప్పే, చోటు చాలక సరిపెట్టుకుంది. ఏడులు నిజంగానే ఆగవు. ఎందుకు ఆగవో చెప్పాలంటే లడ్డూ ధరను విప్పి లోపల ఏముందో చూడాలి.

పాత పాటలో దాక్కున్న తొమ్మిది

బాలాపూర్‌లో గణేశ్ ఉత్సవాలు 1980లో మొదలయ్యాయి. లడ్డూ పాట మొదలైంది 1994లో. మరుసటి ఏడాదే పాట 4,500కు పోయింది, అంటే సరిగ్గా పది రెట్లు. తర్వాత పెరుగుతూ 2021లో 18,90,000, 2022లో 24,60,000, 2023లో 27,00,000, 2024లో 30,01,000 దాకా వచ్చింది. మధ్యలో 2020లో కరోనా వల్ల పాటే లేదు. లడ్డూ బరువు 21 కిలోలు. పాట ఎప్పుడూ వెయ్యినూటపదహార్లతో మొదలవుతుంది.

ఇప్పుడు 35 లక్షలనూ 450నీ చెరో 50తో కుదిద్దాం. మిగిలేవి 70,000, 9. అంటే ఆ అబ్బాయి ఫోన్ నిజానికి చేస్తున్న పని 70,000 రూపాయలను తొమ్మిది మందికి పంచడం. బళ్లో నేర్చిన పద్ధతిలోనే చేయండి. 70లో తొమ్మిది ఏడుసార్లు పోతుంది, 63. మిగిలేది 7. పక్కన సున్నను దించుకుంటే మళ్లీ 70. మళ్లీ ఏడుసార్లు, మళ్లీ 7 మిగులు, మళ్లీ సున్న, మళ్లీ 70. గానుగ చుట్టూ తిరిగే ఎద్దులాగా లెక్క బయల్దేరిన చోటికే వస్తుంది. ఎద్దుకు సాయంత్రమైనా విడుపు ఉంటుంది, ఈ లెక్కకు అదీ లేదు.

అన్నిసార్లూ ఇలా జరగదు. 2023 నాటి 27 లక్షలను 450తో భాగించండి. సరిగ్గా 6,000. 2021 నాటి 18,90,000 అయితే సరిగ్గా 4,200. తోక లేదు.

తేడా అంతా ఒక చిన్న అంకెది. మనం లెక్కపెట్టేది పదులలో. పదిని విరగ్గొడితే రెండు, అయిదు వస్తాయి, మూడు రాదు. అందుకే దేన్నైనా రెండుతో, అయిదుతో, లేదా వాటిని ఎన్నిసార్లు హెచ్చించి తెచ్చిన సంఖ్యతో భాగించినా దశాంశాలు ఎక్కడో ఒకచోట ఆగుతాయి. మూడు అడ్డొస్తే ఆగవు. 450లో మూడు రెండుసార్లు ఉంది: 450 అంటే రెండు, మూడు, మూడు, అయిదు, అయిదు కలిపి హెచ్చించినది. ఆ రెండు మూడులనూ కొట్టేయడానికి పైనున్న సంఖ్యలో కూడా రెండు మూడులు ఉండాలి. 27లో మూడున్నాయి. 189లోనూ మూడున్నాయి. 35లో ఒక్కటీ లేదు.

బాక్స్: భాగించకుండానే తోక చెప్పడం

పాట మొత్తాన్ని 50తో భాగించండి. వచ్చినదాని అంకెలు కలపండి. రెండంకెలొస్తే మళ్లీ కలపండి. చివరికి మిగిలిన అంకే దశాంశాల తోక. 35,00,000కు 70,000 వస్తుంది, అంకెల మొత్తం 7, కాబట్టి తోకలో ఏడులు. 30,01,000కు 60,020 వస్తుంది, మొత్తం 8, కాబట్టి 6668.888. 24,60,000కు 49,200 వస్తుంది, మొత్తం 15, మళ్లీ కలిపితే 6, కాబట్టి 5466.666. మొత్తం 9 వస్తే తోకే ఉండదు.

ఎందుకిలా? పది రూపాయల నోటును తొమ్మిది మందికి పంచితే తలా ఒకటి పోగా ఒకటి మిగులుతుంది. వంద నోటుకూ ఒకటే మిగులు, ఎందుకంటే 99 పంచేయవచ్చు. వెయ్యికీ, లక్షకీ అంతే. కాబట్టి ఎన్ని నోట్లుంటే అన్ని రూపాయలు మిగులుతాయి. అంకెలు కలపడమంటే ఆ మిగుళ్లను కలపడమే.

పాత రూపాయికి తెలిసిన విద్య

కిలోకు ఎంత పడిందని లెక్కేస్తే ఇంకో తోక బయటపడుతుంది. 35 లక్షలను 21తో భాగిస్తే 1,66,666 రూపాయల 66 పైసలు, ఇంకా ఎంతో కొంత. ఆ "ఎంతో కొంత"ను ఇవ్వడానికి మన దగ్గర నాణెం లేదు.

ఒకప్పుడు ఉండేది. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు, అణాకు పన్నెండు పైలు, మొత్తం 192 పైలు. 192లో మూడు ఉంది. రూపాయిని ముగ్గురికి పంచమంటే తలా అయిదణాల నాలుగు పైలు, ఎవరికీ దమ్మిడీ నష్టం లేదు. వంద పైసల రూపాయి వచ్చాక లెక్కలు సులువయ్యాయి, ఆ సదుపాయం పోయింది. దశాంశ పద్ధతి గొప్పదే. కాని పంపకాల విషయంలో మన తాతల రూపాయే తెలివైనదని నా అభిప్రాయం.

హైదరాబాదు రాజ్యంలో దీనికో చక్కటి ఉదాహరణ ఉంది. అప్పట్లో ఏడు హాలీ సిక్కా (నిజాం) రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. అంటే బ్రిటిష్ వందకు నిజాం 116 రూపాయల పది అణాల ఎనిమిది పైలు. మన కాలిక్యులేటర్‌లో అయితే 116.666 అంటూ తోక సాగుతుంది. నిజాం ఖజానా గుమాస్తాకు ఆ బాధ లేదు, పది అణాల ఎనిమిది పైలతో లెక్క తెగిపోయేది. నూటపదహార్ల కట్నాలు ఈ మారకం నుంచే వచ్చాయని చాలామంది చెబుతారు. నాకంత నమ్మకం లేదు, నిజాం రూపాయి చలామణీలో లేని కోస్తా జిల్లాల్లోనూ చదివింపులు నూటపదహార్లే.

వెయ్యి కలిపితే సంఖ్య మారిపోయింది

2024 పాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ముప్పై లక్షలు కాదు, ముప్పై లక్షల వెయ్యి. మనవాళ్లకు సున్నలతో ముగించడం ఇష్టముండదు, పైన ఒకటి వేస్తారు. జేబుకు ఆ వెయ్యి పెద్ద తేడా కాదు. సంఖ్యకు మాత్రం మనిషే మారిపోయినంత తేడా.

30,00,000ను శేషం లేకుండా భాగించే సంఖ్యలు 98 ఉన్నాయి. ఇద్దరికి, ముగ్గురికి, ఆరుగురికి, పన్నెండు మందికి, ఇలా చాలా రకాలుగా పంచవచ్చు. వెయ్యి కలపగానే ఆ 98 కాస్తా 32కు పడిపోతాయి. ముగ్గురికి పంచలేం. ఆరుగురికి పంచలేం. పన్నెండు మందికి కూడా కుదరదు.

కారణం, చివరి మూడు సున్నలు తీసేస్తే మిగిలే 3001. దీన్ని విరగ్గొడదామని చూడండి. రెండుతో పోదు, బేసి. అంకెల మొత్తం 4, కాబట్టి మూడుతో పోదు. అయిదుతో పోదు. ఏడుతో భాగిస్తే అయిదు మిగులుతుంది. పదకొండుకు తొమ్మిది, పదమూడుకు పదకొండు మిగులు. ఇలా 53 దాకా వెళ్లి ఆగిపోవచ్చు. 3001 రెండు ముక్కలయ్యేదైతే వాటిలో చిన్నది 55 కంటే తక్కువే ఉండాలి, ఎందుకంటే 55ను 55తో హెచ్చిస్తేనే 3,025 అయిపోతుంది. 53 దాకా పరీక్షించాల్సిన ప్రధాన సంఖ్యలు సరిగ్గా పదహారు. పదహారింటికీ 3001 లొంగదు. అంటే అదీ ప్రధాన సంఖ్యే. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ తెగదు.

ఏ సంఖ్యనైనా ఇలా ప్రధాన సంఖ్యలుగా విడదీయవచ్చు, అదీ ఒకే ఒక్క రకంగా. లడ్డూను చిదిపితే బూందీ రాలినట్టు 35,00,000ను చిదిపితే అయిదు రెండులు, ఆరు అయిదులు, ఒక ఏడు రాలతాయి. అన్నీ చిన్న గింజలే. 30,01,000ను చిదిపితే మూడు రెండులు, మూడు అయిదులు, వాటి మధ్య పలుకురాయిలా ఒక 3001.

వాల్తేరులో ఒక లెక్క

చిన్న ప్రధాన సంఖ్యలే ఉన్నవాటిని గణితవేత్తలు నున్నని సంఖ్యలంటారు. 35,00,000 చాలా నున్ననిది, లోపలి అతి పెద్ద ప్రధాన సంఖ్య ఏడే. 30,01,000 గరుకు.

మామూలు సంఖ్యలు ఎలా ఉంటాయి, నున్నగానా, గరుకుగానా? పాటల జాబితా చూస్తే నున్నగానే ఉంటాయనిపిస్తుంది. అది మన నోటి మహిమ. మనం వేలల్లో, లక్షల్లో మాట్లాడతాం. వెయ్యి అనగానే మూడు రెండులు, మూడు అయిదులు ఊరికే వచ్చి చేరతాయి. కళ్లు మూసుకుని ఒక సంఖ్యను తీస్తే కథ వేరు. పది లక్షల లోపు సంఖ్యల్లో ఏడును మించిన ప్రధాన సంఖ్య లేనివి పదమూడు వందల లోపే.

ఇలాంటి సంఖ్యలు ఎంత తరచుగా వస్తాయన్న ప్రశ్నను 1930లో స్వీడన్‌కు చెందిన కార్ల్ డిక్‌మన్ మొదట పట్టుకున్నాడు. దానికి గట్టి గణిత పునాది వేసినవాళ్లలో ఒకరు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన వి. రామస్వామి. ఆయన వ్యాసం 1949లో అమెరికన్ మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చింది. ఒక హద్దు లోపల ఎన్ని సంఖ్యలు ఫలానా ప్రధాన సంఖ్యను మించని ముక్కలతోనే తయారవుతాయి అన్నదే అందులోని విషయం. లెక్కలు తెలిసినవాళ్లు ఈ విషయం మీద రాసిన పుస్తకాల్లో ఆ పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. మన దగ్గర ఎంతమందికి తెలుసో మరి.

ఈ లెక్కల్లో తేలిన ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. సంఖ్యలు పెద్దవయ్యేకొద్దీ ప్రతి పదింటిలో దాదాపు ఏడింటికి తమ వర్గమూలం కంటే పెద్ద ప్రధాన సంఖ్య ఒకటి లోపల ఉంటుంది. 30,01,000 వర్గమూలం 1,732 చిల్లర. లోపలున్నది 3001. అంటే లోకంలో మామూలు సంఖ్య 30,01,000 లాంటిదే. వింత సంఖ్య 35,00,000.

చదరంగం పలక, సగం మడత

450ని పదమూడుసార్లు రెట్టింపు చేస్తే 36,86,400. లడ్డూ 31 ఏళ్లలో దాదాపు అంత దూరం నడిచింది. రెట్టింపుల మాట వస్తే తెలుగువాళ్లకు గుర్తురావలసిన మనిషి పావులూరి మల్లన. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని 11వ శతాబ్దంలో తెలుగు చేశాడు. చదరంగం పలకలో మొదటి గడిలో ఒక గింజ, రెండో దానిలో రెండు, మూడో దానిలో నాలుగు, ఇలా 64 గళ్లూ నింపితే మొత్తం ఎన్ని గింజలన్నది ఆయన పేరిట ప్రసిద్ధమైన పద్యం. అంకెలకు బదులు మాటలుంటాయి. శరమంటే అయిదు, చంద్రుడంటే ఒకటి, గగనమంటే సున్న, వేదమంటే నాలుగు. మాటలను వరసగా అంకెలు చేసి కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే ఇరవై అంకెల సంఖ్య వస్తుంది: 1,84,46,74,40,73,70,95,51,615. ఒక్క అంకె తప్పలేదు, ఛందస్సూ తప్పలేదు.

ఇంత పెద్ద సంఖ్యను విడగొట్టమంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పలకను మధ్యకు మడిచి చూడండి. పై సగంలోని ప్రతి గడిలోనూ కింది సగంలో దానికి జోడైన గడికంటే 4,29,49,67,296 రెట్లు గింజలుంటాయి, మధ్యలో 32 రెట్టింపులు గడిచాయి కాబట్టి. అంటే మొత్తం గింజలు కింది సగంలోని గింజలకు 4,29,49,67,297 రెట్లు. ఇదిగో ఒక ముక్క దొరికింది. కింది సగాన్ని మళ్లీ మడిస్తే 65,537 దొరుకుతుంది. మళ్లీ మడిస్తే 257, ఆ తర్వాత 17, 5, 3. ఆరు మడతల్లో మొదటి గడిలోని ఒక్క గింజకు వచ్చేస్తాం.

3, 5, 17, 257, 65,537 అన్నీ ప్రధాన సంఖ్యలే. ఈ వరస చూసి 17వ శతాబ్దంలో ఫ్రాన్సు గణితవేత్త ఫెర్మా తర్వాతిదైన 4,29,49,67,297 కూడా ప్రధాన సంఖ్యే అయి ఉంటుందనుకున్నాడు. 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని 641తో తెగ్గొట్టాడు. రెండో ముక్క 67,00,417. ఫెర్మా అంతటివాడు 641 దాకా వెళ్లి చూడకపోవడం ఆశ్చర్యమే. కాని కాగితం మీద పది అంకెల సంఖ్యను వంద పైచిలుకు ప్రధాన సంఖ్యలతో భాగిస్తూ కూర్చోవడం ఎంత విసుగో చేసినవాళ్లకే తెలుసు.

అదే ఏడాది విరిగిన తాళం

ఆ విసుగే ఇవాళ తాళంగా పనికొస్తోంది. 67,00,417ను 641తో హెచ్చించడం కాగితం మీద నిమిషం పని. ఆ జవాబును మాత్రమే ఇచ్చి ముక్కలు చెప్పమంటే గంటలు. ముక్కలు వందలాది అంకెలున్నవైతే పెద్ద కంప్యూటర్లు కూడా చేతులెత్తేస్తాయి. 1977లో రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ ఈ ఎగుడుదిగుడు మీదే ఒక రహస్య లిపిని కట్టారు. పెద్ద సంఖ్యను అందరికీ చూపిస్తారు, దాన్ని పుట్టించిన రెండు ప్రధాన సంఖ్యలను దాచుకుంటారు. కొన్ని బ్రౌజర్లలో వెబ్‌సైటు పేరు పక్కన కనిపించే తాళం గుర్తు వెనుక చాలాచోట్ల ఇలాంటి 617 అంకెల సంఖ్య ఉంటుంది.

వాళ్లు అప్పట్లో 129 అంకెల సంఖ్యను పందెంగా పెట్టారు. సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ శీర్షికలో వచ్చింది, బహుమతి వంద డాలర్లు. కోట్ల కోట్ల ఏళ్లు పడుతుందని అంచనా. పదిహేడేళ్లకే విరిగింది. సుమారు 600 మంది ఇంటర్నెట్‌లో చేతులు కలిపి 1,600 కంప్యూటర్లతో ఎనిమిది నెలలు శ్రమించి 64 అంకెలదొకటి, 65 అంకెలదొకటి రెండు ప్రధాన సంఖ్యలను బయటికి లాగారు. అది 1994 ఏప్రిల్. బాలాపూర్‌లో లడ్డూను మొదటిసారి 450కి పాడుకున్నది అదే ఏడాది.

వాళ్లు వాడిన ఉపాయంలో మళ్లీ నున్నని సంఖ్యలే కనిపిస్తాయి. ఒక సంఖ్యను, పక్కపక్క సంఖ్యలవి కాని రెండు వర్గాల తేడాగా రాయగలిగితే చాలు, అది విరుగుతుంది. 2491 చూడండి. అది 2,500 నుంచి తొమ్మిది తక్కువ, అంటే 50 వర్గంలోంచి 3 వర్గం తీసేసినది. వెంటనే 47, 53 అని ముక్కలు చెప్పేయవచ్చు, 50కి మూడు అటు, మూడు ఇటు. పెద్ద సంఖ్యకు అలాంటి వర్గాలు ఊరికే దొరకవు, తయారు చేసుకోవాలి.

ఎలా తయారు చేస్తారో గణేశ్ మండపం ముందున్న చెప్పుల కుప్ప చెబుతుంది. వర్గసంఖ్య అంటే లోపలి ప్రధాన సంఖ్యలన్నీ జతలుగా ఉన్నది. 6, 10, 15 విడివిడిగా వర్గాలు కావు. ఆరులో రెండు, మూడు. పదిలో రెండు, అయిదు. పదిహేనులో మూడు, అయిదు. అన్నీ ఒంటి చెప్పులే. మూడింటినీ కలిపి హెచ్చిస్తే రెండుకు రెండు, మూడుకు మూడు, అయిదుకు అయిదు జత కుదిరి 900 అవుతుంది, అంటే 30 వర్గం. కుప్పలో నాలుగైదు సైజులే ఉంటే ఒంటి చెప్పులకు జతలు తొందరగా దొరుకుతాయి. ఎవరో ఒకరు 3001 సైజు చెప్పు వదిలివెళితే దానికి జోడు జన్మకు దొరకదు. అందుకే ఆ కంప్యూటర్లు ఎనిమిది నెలలు చేసిన పనంతా గరుకు సంఖ్యలను పక్కకు నెట్టి నున్నని వాటిని ఏరడమే. ఎన్ని ఏరాలి, ఎంతసేపు వెతికితే అన్ని దొరుకుతాయి అన్న అంచనాకు ఆధారం డిక్‌మన్, రామస్వామి తదితరులు వేసిన లెక్క. వాల్తేరులో ఆ కాగితం రాసే నాటికి ఇంటర్నెట్ లేదు.

ఈ పద్ధతులు ముదిరి 2020లో 250 అంకెల సంఖ్యను కూడా విరిచారు. 617 అంకెలు ఇంకా చాలా దూరం.

ఇదంతా పూర్తిగా చెప్పేసరికి చాయ్ చల్లారింది, టీవీలో శోభాయాత్ర కదిలింది. మా పక్కింటి అబ్బాయికి రహస్య లిపి కంటే ఏడుల మీదే ధ్యాస.

"అయితే సార్, వచ్చే ఏడు ఎంతకు పాడితే ఏడులు రావు?"

లక్షల్లో చెప్పమంటే, ఈసారి ఆగిన 35కూ 40కీ మధ్య ఏ తోకా రానిది ఒక్క 36 లక్షలే. 450కి సరిగ్గా 8,000 రెట్లు. కాని 36లో ఏడు లేదు, కాబట్టి 21 కిలోలకు పంచితే మళ్లీ తోక. రెట్లూ తెగాలి, కిలో ధరా తెగాలి అంటే పాట 3,150తో శేషం లేకుండా పోవాలి. 2021 నుంచి జరిగిన అయిదు పాటల్లో అలా కుదిరింది 18,90,000 ఒక్కటే: 4,200 రెట్లు, కిలో 90,000. దాన్ని రెట్టిస్తే 37,80,000. అబ్బాయి ఫోన్‌లో వేసి చూశాడు. 8,400 రెట్లు, కిలో 1,80,000. చుక్క తర్వాత ఏమీ రాలేదు.